వెనక సీటులో లాల్‌బీ

మా ఇంట్లోంచి నెత్తళ్ళ వేపుడు వాసన వచ్చిందంటే, నాయన ఎవరిదో బండికి క్రౌన్-పినియన్ పని ముగించాడని వీధిలో అందరికీ తెలిసిపోయేది.

బండి వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఒక గుండ్రటి పెట్టె ఉంటుంది. అందులో రెండు పళ్ళ చక్రాలు. ఇంజను వైపు నుంచి వచ్చే పొడుగాటి షాఫ్టు చివర ఉండే చిన్నది పినియన్. దానితో పళ్ళు కలిపి తిరిగే, అన్నం పళ్ళెమంత పెద్దది క్రౌన్. ఈ రెండింటినీ సరిగ్గా కూర్చోబెట్టడం మా నాయన అల్లావుద్దీన్ పని. నెల్లూరులో మైపాడు గేటు దాటాక రోడ్డు పక్కనే ఆయన షెడ్డు. పని అయ్యాక బండిని మైపాడు సముద్రం దాకా నడిపి చూసేవాడు. ఆ బండి వెనక సీటులో మా అమ్మ లాల్‌బీ కూర్చొని ఉండేది. తిరిగి వచ్చేటప్పుడు చేపలు పట్టే పల్లెకారుల దగ్గర వేలెడంత నెత్తళ్ళు కొనుక్కొని వచ్చేవాళ్ళు.

"అల్లావుద్దీనన్నకు పెళ్ళాం మీద ప్రేమ పుట్టాలంటే ఎవరిదో ఒకరిది క్రౌను పోవాల" అని షెడ్డు ఎదుటి టీ కొట్టు దగ్గర నవ్వుకొనేవాళ్ళు.

అమ్మ కుట్టుమిషన్ తొక్కడం ఆపకుండానే, "మీ ఆడోళ్ళకు ఆ మాత్రం కూడా లేదు గదయ్యా, పాపం" అనేది.

అమ్మ పుట్టింది ఇందుకూరుపేటలో. మా తాత దూదేకి, పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. ఇంటి ముందు పంచలో విల్లు వేలాడదీసి, దాని నారిని కొయ్య సుత్తితో కొడుతూ దూదిని విడదీసేవాడు. సముద్రపు గాలి తగిలి దూది చెమ్మగిల్లితే నారి మోత మందంగా వచ్చేది. అమ్మ చిన్నప్పుడు లోపల గిన్నెలు తోముతూ ఆ మోత విని, "నాయనా, ఆ మూట తడిసుండాది, ఎండకెయ్యి" అని కేకేసేదట. మా తాత చేత్తో తడిమి చూస్తే నిజంగానే తడి తగిలేదట. ఈ సంగతి అమ్మ గొప్పగా ఏమీ చెప్పేది కాదు. "అందరికీ వినపడేదే. వాళ్ళు వినరు, అంతే" అనేది.

పెళ్ళయి వచ్చాక షెడ్డు ముందు రేకు పంచలో కుట్టుమిషన్ వేసుకొంది. ముందు ఆటోలకు, తర్వాత కార్లకు రెక్సిన్ సీటు కవర్లు కుట్టింది. కవరు కుట్టినప్పుడల్లా బండిలో వెనక కూర్చొని కొంత దూరం పోయివచ్చేది. "కుట్టిన మనిషి కూర్చోకపోతే యాడ ముడత పడతాందో ఎట్టా తెలుస్తాది?" అనేది. వెనక ఇరుసు సరిగ్గా ఆ సీటు కిందే ఉంటుంది. అట్లా, ముడతలు చూసుకోవడానికి కూర్చొన్న అమ్మకు ఇరుసు మాటలు కూడా వినిపించడం మొదలైంది.

ఒకసారి నాకు కూడా చెప్పింది. "టైరు మోత రోడ్డును బట్టి మారతాది. సిమెంటు మీద ఒక రకం, తారు మీద ఒక రకం. క్రౌను మోత రోడ్డును లెక్కచెయ్యదు జబీనా. అది మీ నాయన కాలును బట్టి మారతాది. తొక్కితే ఒక పాట, కాలెత్తితే ఇంకో పాట. ఏ పాటా లేకుంటేనే పని అయినట్టు."

ఆ రోజుల్లో నాయనకు ఈ సాయం అక్కర్లేదు. ఆయన చెవులు ఆయనకున్నాయి. అమ్మ ఏదైనా అంటే, "నేనెప్పుడో విన్నాలే" అనేవాడు. అమ్మ సముద్రం చూసేది.

తర్వాత మెల్లగా ఆయనకు వినికిడి తగ్గింది. జీవితమంతా ఇనుము మీద సుత్తి దెబ్బలు, రేకు షెడ్డులో మోతలు. కుక్కరు కూత వినిపించేది కాదు. పక్కవాళ్ళు లేచి నడుస్తుంటే చూసి, నమాజు వేళయిందని తెలుసుకొనేవాడు. నేను డాక్టరు దగ్గరకు పోదాం రమ్మంటే, "చెవులకేమొచ్చింది? మీరందరూ గొణగడం నేర్చుకున్నారు" అన్నాడు. టీవీలో వార్తలు చదివేవాళ్ళు కూడా గొణుగుతున్నారని ఆయన నమ్మకం.

అమ్మ ఆయనతో వాదించలేదు. కానీ ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడి, ముఖంలోకి చూస్తూ, ఒక్కొక్క మాటా విడదీసి మాట్లాడడం మొదలుపెట్టింది. వెనక నుంచి పిలవడం మానేసింది. కొన్నాళ్ళకు మా అందరితోనూ అట్లాగే మాట్లాడేది. కూరగాయలమ్మి ఒకసారి, "ఏందమ్మా, నాకేమన్నా చెవుడనుకున్నావా?" అని అడిగింది. "కాదులేమ్మా, పళ్ళు కదలతాండాయి, నిదానంగా మాట్లాడాల" అంది అమ్మ.

మైపాడు ప్రయాణాలలో కూడా అమ్మ మాటతీరు మారింది. మోత ఉంది అని చెప్పేది కాదు. "వెనకాల తుమ్మెదేదో దూరింది, దిగి చూడయ్యా" అనేది. లేదంటే, "ఈ సీటు కింద నాకు కాళ్ళు జలదరిస్తాండాయి" అనేది. నాయన, "నీకు అన్నీ కావాలి" అని విసుక్కొని, మర్నాడు ఇరుసు మళ్ళీ విప్పేవాడు. మళ్ళీ మైపాడు. ఈసారి తుమ్మెద ఉండేది కాదు. నెత్తళ్ళు వచ్చేవి.

నా బిడ్డకు జ్వరమొచ్చి అమ్మ మా ఇంట్లో ఉండిపోయిన రోజుల్లోనే పెంచలయ్య అంబాసిడర్ పని జరిగింది. పెంచలయ్య పెళ్ళిళ్ళకు బాడుగ కార్లు తిప్పుతాడు. నాయన క్రౌను సెట్ చేసి, ఒక్కడే మైపాడు పోయివచ్చి, బండి ఇచ్చేశాడు. కొన్నాళ్ళకే పెంచలయ్య దాన్ని వెనక్కి తెచ్చాడు.

"అన్నా, వెనకాల సన్నాయి మోగతాండాది. పెళ్ళివాళ్ళు, మేం మేళం మాట్లాడుకోలేదే, ఎవురు పంపించినారు అని అడగతాండారు."

నాయన ఎక్కి నడిపి చూశాడు. "సన్నాయి యాడుందయ్యా?" అన్నాడు. పెంచలయ్య తన డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు నేల చూశాడు. పెంచలయ్య మంచివాడు. "నాకే అట్టా అనిపించిందేమో అన్నా" అని బండి తీసుకొని పోయాడు. పోయి ఇంకో షెడ్డులో విప్పించాడు. ఆ సంగతి సాయంత్రానికి టీ కొట్టుకు చేరింది. అల్లావుద్దీన్ సెట్ చేసిన బండికి హారన్ అక్కర్లేదని ఎవరో అన్నారు. వెనక నుంచి అన్న మాట కాబట్టి నాయనకు వినపడలేదు. కానీ అందరూ ఒకేసారి నవ్వి, తనను చూసి ఒకేసారి ఆపేయడం కనపడింది.

మా అన్న అజారుద్దీన్‌కు సూళ్ళూరుపేటలో కూల్‌డ్రింకుల అంగడి ఉంది. శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజుల్లో చూడ్డానికి వచ్చే జనంతో కిటకిటలాడుతుంది. వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చోమని వాడు ఎప్పటినుంచో నాయనను అడుగుతున్నాడు. అంతవరకూ నవ్వి ఊరుకొనే నాయన, పెంచలయ్య సంగతి తర్వాత ఒక రోజు అన్నం తింటూ, "ఇంకొక్క బండి ఎనక్కొచ్చిందంటే షట్టరు దించేస్తా. పోయి సోడాలు అమ్ముకుంటా" అన్నాడు. ఆయన ఒట్టు పెట్టే మనిషి కాదు. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోడు.

ఆ సాయంత్రం అమ్మ మా ఇంటికి వచ్చి గడప దగ్గరే కూర్చొంది. "ఆ మనిషి చేతులకు ఇనుము తగలకపోతే తిండి దిగదు జబీనా. ఆదివారమొస్తే ఇంట్లో తలుపు గొళ్ళేలు విప్పి మళ్ళీ బిగించే మనిషి. గల్లాపెట్టె కాడ కూర్చోబెడితే ఏం మిగులుతాడు?" అంది. నేను చెవుల మిషన్ మాట ఎత్తాను. "అది పెట్టుకోవాలంటే వినపడదని ఒప్పుకోవాల గదమ్మా" అని లేచి వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడు వచ్చింది పెంచలకృష్ణ కాంటెస్సా కారు.

పెంచలకృష్ణకు ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలున్నాయి. కాంటెస్సా మీద అతనికి చిన్ననాటి మోజు. ఎక్కడో పాక కింద పడివున్న బండిని కొని, ముదురు ఎరుపు రంగు వేయించాడు. పొడుగాటి ముక్కు, వెడల్పాటి వీపు. దాని కాలంలో రోడ్డు మీద అదే దొర. లోపల పెట్రోలు ఇంజను కూడా బాగానే ఉంది. వచ్చిన చిక్కల్లా ఒకటే.

"అన్నా, బైపాసెక్కితే ఎనభైకే ఇంజను గొంతు చించుకుంటాండాది. నిన్న మొన్న పుట్టిన కార్లన్నీ నన్ను దాటుకొని పోతాండాయి. మొదట్లో దూకుడు మాత్రం పులే. తర్వాతే ఏమీ లేదు."

నాయన వెనక చక్రాలు రెండూ పైకి లేపాడు. చక్రం మీద ఒక సుద్దగీత, షాఫ్టు మీద ఒక సుద్దగీత గీసి, చేత్తో తిప్పాడు. షాఫ్టు నాలుగున్నర చుట్లు తిరిగితే గాని చక్రం ఒక చుట్టు తిరగడం లేదు.

"దీనికి ముందు ఎవురి కాడుండింది అబ్బయా?"

"ఎవురో గుంటలాయన దగ్గరంట. మేత మూటలు ట్రాలీకెత్తి కట్టల మీద దీంతో లాగించినాడంట."

"అదే. లాగుడుకని తక్కువ గేరు క్రౌను ఏసినారు. గుర్రానికి ఎద్దు కాళ్ళు పెట్టినట్టుండాది. షాఫ్టు నాలుగు చుట్లకు లోపలే చక్రం ఒక చుట్టు తిరగాల. అప్పుడు ఇంజను నిమ్మళంగా ఉంటాది, బండి పోతాంటాది. మొదట్లో ఆ దూకుడు కొంచెం తగ్గతాది. సరేనా?"

"తగ్గితే తగ్గనీ అన్నా. నాకు బైపాసులో పరువు కావాల."

నాయన చెన్నై పోయి పాత సామాన్ల బజారులో వెతికి ఒక జత తెచ్చాడు. కొత్తవి దొరికే బండి కాదు అది. క్రౌనూ పినియనూ ఒకే బండిలో కలిసి తిరిగి, కలిసి అరిగిన జత కావాలి. ఒకటి ఒకచోట, ఇంకొకటి ఇంకోచోట తెస్తే ఎంత బిగించినా పోట్లాడుకుంటాయి. తెచ్చిన జతను అమ్మకు చూపించాడు. "వీటికి ఎన్నేళ్ళ కాపరమో చూడు, పళ్ళెట్టా నున్నబడినాయో" అన్నాడు. అమ్మ వేలితో తడిమి, "ఇంకా రెండిటికీ పళ్ళున్నాయి, మన మాదిరి కాదు" అంది.

పినియన్ ఎంత లోపలికి కూర్చోవాలో నిర్ణయించేవి దాని వెనక వేసే సన్నటి ఉక్కు రేకులు, షిమ్ములు. ఉల్లిపొర కంటే కాస్త మందం. వాటిని కాగితాలలో చుట్టి, పాత సున్నం డబ్బాలో పెట్టి, చొక్కా జేబులో వేసుకొనేవాడు నాయన. ఆ డబ్బా ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇక పళ్ళు ఎక్కడ తగులుతున్నాయో చూడ్డానికి పూజ సామాన్ల అంగడి నుంచి సిందూరం తెచ్చేవాడు. ఆంజనేయుడికి పూసే సిందూరమే. నూనెతో కలిపి క్రౌను పళ్ళకు రాసి తిప్పితే, పినియన్ తాకినచోట సిందూరం చెరిగి ఇనుము కనపడుతుంది. ఆ మచ్చ పంటికి నడిమధ్యన ఉండాలి. అంగడాయన ప్రతిసారీ పొట్లం కడుతూ, "స్వామికి కూడా ఇంత పూయరు సాయిబూ" అనేవాడు. నాయన, "మీ స్వామికి పళ్ళు తక్కువ" అనేవాడు.

కాంటెస్సాకు ఆయన పడిన శ్రమ నేను చూశాను. రేకు వేసి బిగించి, సిందూరం రాసి, తిప్పి, చూసి, మళ్ళీ విప్పేవాడు. అయితే అరిగిన పళ్ళ మీద మచ్చ సగం నిజమే చెబుతుంది. మిగతా సగం చెవులు చెప్పాలి. ఇదివరకు ఆయన చివర్లో ఇరుసు పెట్టెకు స్క్రూడ్రైవర్ ఆనించి, దాని పిడి చెవికి పెట్టుకొని వినేవాడు. ఈసారి కూడా పెట్టుకొన్నాడు. చాలాసేపు పెట్టుకొని, తీసేసి, తుడిచి పెట్టెలో వేశాడు.

శనివారం మధ్యాహ్నం బయల్దేరాం. నాయన నడుపుతున్నాడు, నేను ఆయన పక్కన, అమ్మ వెనక. ఆ సీట్లకు తెల్లటి కవర్లు అమ్మే కుట్టింది. బండి హాయిగా పోతోంది. వరి పొలాలు దాటి రొయ్యల గుంటలు మొదలయ్యాయి. నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయి. ఇంజను ఉందా లేదా అన్నట్టుంది.

"ఎంతలో పోతాండావు?" అని అమ్మ ముందుకు వంగి, ఆయన భుజం తట్టి అడిగింది.

"అరవై."

"ముల్లు అరవై అంటాంది. చెట్లు డెబ్బై అంటాండాయి."

నాయన నవ్వాడు. ఇరుసు గేరు మారితే వేగం చూపే ముల్లు తప్పు చెబుతుంది. ఆ మీటరుకు కూడా లోపల చిన్న చక్రం మార్చాలి. "అది రేపు మారస్తాలే" అన్నాడు. ఆయన ముఖంలో అట్లాంటి సంతోషం చూసి చాలా రోజులైంది.

ఇందుకూరుపేట దాటాక రోడ్డు నేరుగా ఉంటుంది. నాయన బాగా తొక్కి, కాలెత్తాడు. అప్పుడు వచ్చింది. సన్నటి కూత. చెవికి దగ్గరగా దోమ వచ్చినట్టు మొదలై, బండి నెమ్మదించేకొద్దీ దిగిపోయింది. మళ్ళీ తొక్కి ఎత్తాడు. మళ్ళీ వచ్చింది. నేను వెనక్కి తిరిగి చూశాను. అమ్మ ముఖం కిటికీ వైపు తిప్పేసుకొంది. కొంగు చెంపకు అడ్డంగా పట్టుకొని, ఎన్నడూ చూడనట్టు రొయ్యల గుంటలు చూస్తోంది. తుమ్మెద మాట రాలేదు. కాళ్ళ జలదరింపు మాట రాలేదు. నాయన కూడా ఏమీ అడగలేదు.

మైపాడులో పడవలు వచ్చివున్నాయి. నెత్తళ్ళు గంపల్లో వెండిలా మెరుస్తున్నాయి. అమ్మ ఒక గంప దగ్గర నిలబడి, "ఈ పొద్దు బాగలేవు" అంది. చేపలామె కొట్టినంత పని చేసింది. "నా నెత్తళ్ళు బాగలేవా? కళ్ళు యాడ పెట్టుకున్నావమ్మా, ఇంకా ఎగరతాంటే" అంది. అమ్మ ఖాళీ చేతులతో వచ్చి బండెక్కింది.

సోమవారం పెంచలకృష్ణ వస్తాడు. ఆదివారం పొద్దున నేను షెడ్డుకు పోయేసరికి అమ్మ మిషన్ దగ్గర లేదు. నాయన ఎదురుగా నిలబడివుంది.

"ఏమయ్యా, ఒక మాట చెప్తే కోప్పడవు గదా."

"చెప్పు."

"మొన్న శుక్రవారం నువ్వు నమాజుకు పోయినప్పుడు, నీ పని చొక్కా మేకుకుంటే, ఉతుకుదామని తీసినా. జేబులోంచి డబ్బా కింద పడింది. ఆ రేకులన్నీ దొర్లినాయి. ఏరి మళ్ళీ చుట్టి పెట్టేసినా. ఏది ఏ కాగితంలోదో నాకు తెలీలా. నువ్వు ఏది తీసి ఏసినావో ఏమో."

నాయన ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, "నా డబ్బా ముట్టుకున్నావా?" అన్నాడు.

"ముట్టుకున్నా."

"ఎన్నిమాట్లు చెప్పినా?"

"చెప్పినావు."

"ఇప్పుడు ఇరుసంతా విప్పాల గదా. రేపు ఆ అబ్బయికి ఏం చెప్పేది? సీట్లు కుట్టుకొనేదానివి సీట్లు కుట్టుకో, నా జేబులతో నీకేం పని?"

చెవులు వినపడని మనిషి గొంతు పెద్దదిగా ఉంటుంది. టీ కొట్టు దగ్గర అందరూ లేచి నిలబడ్డారు. తనను ఎవరైనా ఒక మాట అంటే అమ్మ రెండు అని పంపే మనిషని అందరికీ తెలుసు. ఆమె తల వంచుకొని, "తప్పయిపోయిందిలే. విప్పి చూడు" అంటుంటే వాళ్ళకే కష్టంగా అనిపించింది. టీ పోసే ఆయన వచ్చి, "పోనీలే అన్నా, ఆయమ్మ కావాలని చేసిందా?" అన్నాడు. నాయన స్పానర్ తీసుకొని బండి కిందికి దూరాడు.

ఆ సాయంత్రానికి బజారులో మాట మారిపోయింది. అల్లావుద్దీన్ పనికి వంక లేదు, లాల్‌బీ రేకులు కలిపేసింది అన్నారు. పెంచలకృష్ణకు కూడా ఆ మాటే చేరింది. అతను ఫోన్ చేసి, తొందరేమీ లేదు అన్నా, నిదానంగా చూడండి అన్నాడు.

నాయన పినియన్ వెనక నుంచి ఒక రేకు తీసి పలచటిది వేశాడు. సిందూరం రాసి చూశాడు. బండి బిగించాక, ఎప్పటిలా విసుగ్గా, "రా, సముద్రం చూస్తావేమో" అన్నాడు. అమ్మ వెనక కూర్చొంది. ఇందుకూరుపేట దాటాక ఆయన తొక్కి కాలెత్తాడు. ఏమీ లేదు. గాలి చప్పుడు, టైర్ల చప్పుడు. ఈసారి అమ్మ కిటికీ వైపు తిరగలేదు. మైపాడులో ఆ చేపలామె దగ్గరే గంపలో సగం నెత్తళ్ళు కొనేసింది. "ఈ పొద్దు కళ్ళు తెచ్చుకున్నావా?" అని ఆమె అడిగింది. "తెచ్చుకున్నా. కొసరెయ్యి" అంది అమ్మ.

పెంచలకృష్ణ రాకెట్ చూడ్డానికి పిల్లలతో సూళ్ళూరుపేట దాకా పోయివచ్చి, దారిలో షెడ్డు ముందు ఆపాడు. "అన్నా, బండి నడస్తాండాదా, నిలబడుండాదా అని ఒక చోట దిగి చూసుకున్నా" అన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "వదినా, ఇంకెప్పుడూ అన్న రేకులు ముట్టుకోబాక" అన్నాడు.

"నీ సీటు కవర్లో గుండుసూదులు ఒదిలేసినా, చూసుకొని కూర్చో" అంది అమ్మ.

షట్టరు దిగలేదు. తర్వాత కూడా ఎన్నో బండ్లు వచ్చాయి. ఎన్నోసార్లు మా వీధికి నెత్తళ్ళ వాసన వచ్చింది.

పోయిన వానాకాలంలో అమ్మ చనిపోయింది. గుండె బలహీనపడింది అన్నారు. ఆసుపత్రిలో చివరి రోజు కూడా ఫ్యాను చూస్తూ, "దాని బేరింగు అరిగింది, ఎవురికైనా చెప్పండి" అంది. నలభయ్యో రోజు ఫాతెహా అయ్యేదాకా నాయన షెడ్డు తీయలేదు. తీసిన రోజు నేను క్యారియర్ తీసుకొని పోయాను. ఆయన అమ్మ మిషన్ ముందు స్టూలు మీద కూర్చొని, సున్నం డబ్బా తెరిచి రేకులు చూసుకొంటున్నాడు. నేను ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

"ఆ శుక్రవారం ఈ డబ్బా ఖాళీ" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు.

"కాంటెస్సా రేకులు గురువారమే ఏసేసినా. మిగిలినవి బెంచీ సొరుగులో పెట్టి తాళమేసినా. మీ అమ్మ చొక్కా తీసుంటే ఖాళీ డబ్బా పడుండాల."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు నాయనా?"

"అంత కష్టపడి ఆ కత కుట్టుకొనొచ్చింది. నేను విప్పేదెందుకు?" డబ్బా మూత పెట్టి జేబులో వేసుకొన్నాడు. "నాకు వినపడదని ఆమెకు ఎప్పుడో తెలుసు. ఆమెకు తెలుసని నాకూ తెలుసు. నేను రోడ్డు చూసి నడిపేవాణ్ణి కాదు జబీనా. అద్దంలో మీ అమ్మ మొహం చూసి నడిపేవాణ్ణి. కూత వస్తే ఇక్కడ ముడత పడతాది" అని రెండు కనుబొమల మధ్య వేలు పెట్టుకొని చూపించాడు. "పెంచలయ్య బండికి అద్దంలో ఎవురూ లేరు. కాంటెస్సాకు కిటికీలోకి తిరిగిపోయింది. అప్పుడే అనుకున్నా, పని చెడింది, నాకు చెప్పడానికి ఈమె బాధపడతాండాదని. సోడాల మాట అనకుండా ఉండాల్సింది."

"అట్లా తెలిసి కూడా అందరి ముందూ తిట్టావే."

"తిట్టకపోతే నమ్మినట్టుండదు గదా" అన్నాడు. తర్వాత క్యారియర్ మూత తీశాడు. "ఆ రాత్రి కొసరు నెత్తళ్ళు కూడా నాకే పెట్టింది" అన్నాడు.

ఇప్పుడు ఆయన చెవి మిషన్ పెట్టుకొంటున్నాడు. లోకంలో చప్పుళ్ళన్నీ కలగలిపి వినిపిస్తుందట. కావలసిన ఒక్కటి మాత్రం వినిపించదట. షెడ్డుకు పోయేటప్పుడు తీసి అమ్మ దారపుండల డబ్బాలో పెట్టిపోతాడు.

కిందటి వారం గూడూరు నుంచి ఇంకో కాంటెస్సా వచ్చింది. పెంచలకృష్ణ బండి చూసి, తనకూ అట్లాగే క్రౌను మార్చమని పంపాడు దాని యజమాని. నాయన జత వెతికి తెచ్చి, రేకులు వేసి, సిందూరం రాసి, బిగించాడు. నిన్న మధ్యాహ్నం మా ఇంటి ముందు ఆ బండి ఆగింది. నేను ముందు తలుపు తీయబోతే, "వెనక" అన్నాడు.

మైపాడు గేటు దాటాం. పొలాలు దాటాం. ఇందుకూరుపేటలో తాత ఇల్లున్నచోట ఇప్పుడు ఎరువుల అంగడి ఉంది. అది కూడా దాటాం. నేరుగా ఉన్న రోడ్డు మీద నాయన తొక్కాడు. కాలెత్తాడు. ఏదో వినిపించింది. టైరో, క్రౌనో నాకు తెలియలేదు. తారు రోడ్డు పోయి సిమెంటు ముక్క వచ్చింది. టైర్ల మోత మారింది. దాని వెనక సన్నగా ఉన్న ఆ రెండోది మారలేదు. మళ్ళీ తొక్కి కాలెత్తాడు. అది పైకి లేచి, దిగింది.

నేను కిటికీ వైపు చూశాను.

"అటు చూడబాక" అన్నాడు నాయన. "ఇటు చూడు."

అద్దంలోకి చూశాను. ఆయన నా ముఖం వైపు ఒక్క క్షణం చూశాడు. బండి నెమ్మదిగా పక్కకు తీసి, వచ్చిన దారికే తిప్పాడు.

"నెత్తళ్ళు రేపు తెచ్చుకుందాంలే" అన్నాడు.